దీవిలో బస ఎక్కడ? అండమాన్ చరిత్ర చెప్పే జవాబు



ఊరికి కొత్తగా వచ్చిన చుట్టాన్ని మన పెద్దవాళ్లు మొట్టమొదట అడిగే మాట ఒకటుంది. "ఎక్కడ దిగావు నాయనా?" అంటారు. ఎందుకొచ్చావు, ఎన్నాళ్లుంటావు అన్నవి ఆ తర్వాతి మాటలు. దిగిన చోట మంచినీళ్లు దొరుకుతాయా, రాత్రి వేళ ఒంట్లో బాగులేకపోతే పిలిస్తే పలికే మనిషి ఉన్నాడా అని వారి ఆరాటం. ఆ ఒక్క ప్రశ్నను పట్టుకుని ఈ పూట మనం అండమాన్ దీవుల దాకా వెళ్లి వద్దాం.

ఎందుకంటారా? ఈ మధ్య మన సరిహద్దు జిల్లాల ఇళ్లలో కూడా ఒక కొత్త కోరిక వినబడుతోంది. చదువులు పూర్తయి ఉద్యోగాల్లో కుదురుకున్న పిల్లలు సెలవులు వస్తే అండమాన్ వెళ్తామంటున్నారు. వెళ్లి ఒడ్డున కూర్చోవడం కాదు, వీపున గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో మునిగి పగడాలనూ చేపలనూ చూసి వస్తామంటున్నారు. దీనినే స్కూబా డైవింగ్ అంటారు. నీటిలో మనిషి తన శ్వాస తానే మోసుకుపోయే ఈ సాధనాన్ని 1943లో ఫ్రాన్సు దేశంలో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాఁ అనే ఇద్దరు రూపొందించారు. మన దేశంలో అండమాన్ ఈ విద్యకు పేరుపడ్డ చోటు.

పిల్లలు వెళ్తామనగానే పెద్దలు అడిగేది "లోతు ఎంత, భయం లేదా?" అని. పిల్లలు వెతికేది "ఎక్కడ గది తక్కువకు దొరుకుతుంది, కిటికీ తెరిస్తే సముద్రం కనబడుతుందా?" అని. అసలు అడగవలసినది ఈ రెంటికీ మధ్యన ఉంది: దీవిలో మనిషి ఎక్కడ ఉండాలి? ఇది నేటి యాత్రికుల ప్రశ్న మాత్రమే కాదు. రెండు వందల ముప్ఫై ఏళ్లకు పైగా ఆ దీవులకు వెళ్లిన ప్రతివారినీ ఇది వేధించింది. సరిగా జవాబు చెప్పుకున్న వారు నిలిచారు. తప్పుగా చెప్పుకున్న వారు జ్వరాల పాలై వెనుదిరిగారు. ఆ కథ తెలిస్తే మన పిల్లలు గది ఎంచుకునే తీరు మారుతుంది.

మొదట 1789. ఆర్చిబాల్డ్ బ్లేర్ అనే నౌకాధికారి ఈస్టిండియా కంపెనీ తరఫున అండమాన్ తీరాన్ని కొలిచి, దక్షిణ అండమాన్‌లో ఒక లోతైన రేవును చూశాడు. ఆ రేవులోని చాథం అనే చిన్న దీవి మీద కొద్దిమందితో వలస పెట్టాడు. అప్పట్లో దానికి పోర్ట్ కార్న్‌వాలిస్ అని పేరు. నేల చదును చేసుకుంటూ, కూరపాదులు వేసుకుంటూ ఆ చిన్న వలస కుదురుకుంటూ ఉంది. ఇంతలో నౌకాదళం వారికి వేరే ఆలోచన వచ్చింది. యుద్ధనౌకలు నిలవడానికి ఉత్తర అండమాన్ తూర్పు తీరాన ఇంకా మంచి రేవు ఉందని, 1792లో వలసను మొత్తం అక్కడికి తరలించారు. పేరును కూడా వెంట తీసుకుపోయారు. ఆ రేవు ఓడలకు బాగానే ఉంది గాని మనుషులకు అచ్చిరాలేదు. జ్వరాలు పట్టుకుని జనం వరసగా చనిపోయారు. 1796లో ఆ వలసను ఎత్తివేశారు. ఓడకు ఏది మంచిదో చూశారు గాని, మనిషికి ఏది మంచిదో చూడలేదు. మన మాట ఇక్కడ మొదలవుతుంది.

ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా తెల్లవారు అక్కడ కాపురం పెట్టలేదు. 1857 తిరుగుబాటు తర్వాత ఖైదీలను దూరంగా పంపవలసిన అవసరం వారికి వచ్చింది. 1858 మార్చిలో జె. పి. వాకర్ అనే అధికారి 200 మంది ఖైదీలతో వచ్చి మళ్లీ చాథం దీవిలోనే దిగాడు. ఆ రేవుకే తర్వాత పోర్ట్ బ్లేర్ అని పేరు వచ్చింది. దిగిన కొద్ది కాలానికే చాథంలో మంచినీరు చాలదని తేలింది. రేవు ముఖద్వారంలో ఉన్న రాస్ దీవిని చూసి అక్కడికి మారారు. చుట్టూ గాలి, అన్ని దిక్కులా సముద్రం, కాపలాకు అనువు. ఎనభై ఏళ్లకు పైగా ఆ చిన్న దీవే అండమాన్ పరిపాలనకు కేంద్రమైంది. చీఫ్ కమిషనర్ భవనం, చర్చి, రొట్టెల బట్టీ, నాట్యశాల అన్నీ వెలిశాయి. అంత వైభవంలోనూ నీటి చింత మాత్రం తీరలేదు. సముద్రపు నీటిని మరిగించి మంచినీరు చేసే యంత్రశాల శిథిలం నేటికీ అక్కడ నిలబడి ఉంది. 1941 జూన్ 26న వచ్చిన పెద్ద భూకంపం ఆ దీవిని కుదిపేసింది. మరుసటి ఏడు 1942 మార్చిలో జపాన్ సైన్యం దిగింది. ఆ తర్వాత రాస్‌లో ఊరు మళ్లీ లేవలేదు. ఇవాళ ఆ గోడలను మర్రి ఊడలు పట్టుకుని ఉన్నాయి, జింకలు తిరుగుతుంటాయి. యాత్రికులు పగలు వెళ్లి చూసి సాయంత్రానికి వచ్చేస్తారు.

ఈ కథలో మరొక సంగతి మరచిపోకూడదు. ఆ దీవులు ఖాళీగా లేవు. వేల ఏళ్లుగా అక్కడి ఆదివాసులు ఉన్నారు. 1859 మేలో తమ నేలను కాపాడుకోవడానికి వారు విల్లంబులతో తుపాకుల మీదికి వచ్చారు. దానిని అబర్దీన్ యుద్ధమంటారు. ఆనాడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీస్ జాతి, బయటినుంచి వచ్చిన రోగాల వల్ల కరిగిపోయి, ఇప్పుడు యాభై మందికి అటూ ఇటూగా మిగిలింది. ఒకరు బస ఎంచుకోవడమంటే మరొకరి ఇంటిలోకి అడుగుపెట్టడమే కావచ్చునని ఆ దీవులు మనకు గుర్తుచేస్తాయి. నేటికీ జారవా, సెంటినలీ వంటి వారు ఉండే ప్రాంతాల్లోకి బయటివారు వెళ్లడం నేరం. పడవవాడు ఎంత ఆశ చూపినా అటువైపు పోరాదు.

ఇక మన తెలుగువారి సంగతి. అండమాన్ మనకు పరాయి కాదు. నూరేళ్ల క్రితం అది మనవాళ్లకు శిక్ష పడ్డ చోటు. 1922 నుంచి 1924 దాకా సాగిన మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి వచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ తర్వాతి కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి మత్స్యకారులూ కూలీలూ బతుకుతెరువు కోసం ఓడలెక్కారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లేర్ చేపల రేవుల దగ్గర నిలబడితే సిక్కోలు యాస చెవిన పడుతుంది. రాష్ట్రం గీత దాటి బతుకుతూ మాట నిలుపుకున్న మనవంటివారే వారు కూడా. ఆ పోర్ట్ బ్లేర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు.

ఇప్పుడు డైవింగ్‌కు వెళ్లేవారు ఎక్కువగా దిగే దీవి దగ్గరకు వద్దాం. దాని పాత పేరు హావ్‌లాక్. 2018 డిసెంబరు 30న స్వరాజ్ ద్వీప్ అని మార్చారు. పక్కనే ఉన్న నీల్ దీవికి షహీద్ ద్వీప్ అని పేరు పెట్టారు. ఆ పాత పేర్లు రెండూ 1857 తిరుగుబాటును అణచివేసిన సేనానులవి. అందులో నీల్ కథ తమిళనాడు సరిహద్దున ఉన్న మన శ్రోతలకు తెలిసే ఉంటుంది. దారి పొడుగునా జనాన్ని ఉరితీయించిన ఆ నీల్ విగ్రహం మద్రాసు మౌంట్ రోడ్డు మీద ఉండేది. దాన్ని తీసేయాలని 1927లో సత్యాగ్రహం జరిగింది. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక దానిని మ్యూజియానికి తరలించారు. విగ్రహం పోయిన ఎనభై ఏళ్లకు దీవి పేరు కూడా పోయింది. స్వరాజ్, షహీద్ అన్న మాటలు 1943లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ఈ దీవులకు పెట్టిన పేర్లు.

పేరు ఎవరిదైనా, ఆ దీవిని ఊరుగా చేసినవారు వేరు. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న తూర్పు బెంగాలు రైతు కుటుంబాలను 1950లలో అక్కడికి పంపారు. వారికి బస ఎంచుకునే అవకాశమే లేదు. చూపించిన చోట దిగారు. అడవి నరికారు, బావులు తవ్వారు, వరి వేశారు, కొబ్బరి, పోక నాటారు. ఊళ్లకు గోవిందనగర్, విజయనగర్, శ్యామ్‌నగర్, కృష్ణానగర్, రాధానగర్ అని పేర్లు పెట్టుకున్నారు. నీల్ దీవిలో సీతాపూర్, భరత్‌పూర్, రామ్‌నగర్, లక్ష్మణ్‌పూర్ అన్నారు. ఇల్లు పోయినవారు దేవుళ్ల పేర్లతో మళ్లీ ఇల్లు కట్టుకున్నారు. అధికారులు యుద్ధనౌకల కోసం ఎంచిన ఉత్తరపు రేవు నాలుగేళ్లకే పాడుపడింది. దర్జా కోసం కట్టిన రాస్ శిథిలమైంది. నుయ్యి తవ్వుకుని నాట్లు వేసుకున్న కాందిశీకుల ఊరు నిలిచింది. దీవిలో బసకు మొదటి సూత్రం ఇదే: నీరు ఉన్న చోట, మనుషులు కాపురముండే చోట దిగాలి.

నీరు అన్నాను కాబట్టి ఒక మాట. అండమాన్‌లో ఏడాదికి సుమారు 300 సెంటీమీటర్ల వాన పడుతుంది. అనంతపురం, బళ్లారి వారికి ఇది నమ్మశక్యం కాని లెక్క. అయినా వేసవి వచ్చేసరికి అక్కడ నీటికి కటకటే. కొండవాలు నేల కావడంతో పడ్డ వాన పడ్డట్టే సముద్రంలోకి పోతుంది. నిలవ చేసుకునే చోటు తక్కువ. డైవింగ్‌కు అనువైన నెలలు జనవరి నుంచి మే మొదటి వారాల దాకా. బావులు అడుగంటే నెలలూ అవే. అంటే నీటి కరువు రోజుల్లోనే అతిథులు దిగుతారు. అతిథి ఒక్కడు రోజుకు మూడుసార్లు స్నానం చేస్తే ఆ నీరు ఎవరి కడవలోదో ఆలోచించాలి. బస ఎంచేటప్పుడు ఈత కొలను ఉందా అని అడిగేవారు ఉన్నారు. చుట్టూ సముద్రం పెట్టుకుని కొలనెందుకు? వాననీరు పట్టుకునే తొట్టి ఉందా, మురుగునీరు ఎటు పోతుంది అని అడగండి. మురుగు పోయి కలిసేది మీరు చూడబోయే పగడాల మీదనే.

రెండవ సూత్రం గాలివాటం. మన జాలరులు దీన్ని చెప్పించుకోనక్కరలేదు. మే చివరి నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యపు గాలి. స్వరాజ్ ద్వీప్‌లో బసలు ఎక్కువగా తూర్పు ఒడ్డున, గోవిందనగర్, విజయనగర్ వైపు ఉన్నాయి. డైవింగ్ నేర్పే కేంద్రాలూ చాలావరకు అటే. పేరుపొందిన రాధానగర్ తీరం పడమట ఉంది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో ఉత్తమ తీరమని దానినే మెచ్చుకుంది. అది చూసి కొందరు అక్కడే గది తీసుకుంటారు. చూడవలసిన చోటే, సందేహం లేదు. కాని అది ఇసుక తీరం. డైవింగ్‌కు రోజూ తెల్లవారుజామున దీవి అడ్డంగా దాటి తూర్పుకు పోవాలి. నాలుగు రోజులు శిక్షణ తీసుకునేవారికి అది అలసట. సూర్యాస్తమయం కోసం ఒక సాయంత్రం రాధానగర్ వెళ్లిరండి. రాత్రి పడక మాత్రం మీ పడవ కదిలే చోటికి నడకదూరంలో పెట్టుకోండి.

తూర్పు ఒడ్డుకూ ఒక లోపం ఉంది. అక్కడ నీరు మెరక. పోటు మీద ఉన్నప్పుడు గుమ్మం ముందు సముద్రం అనిపిస్తుంది. పాటు వచ్చేసరికి నీరు చాలా దూరం వెనక్కి పోయి రాళ్లూ, చచ్చిన పగడపు ముక్కలూ బయటపడతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ తేడా మరీ ఎక్కువ. బొమ్మలో చూసిన నీలి సముద్రం కనబడలేదని యాత్రికులు హోటలు వారితో తగవు పడటం అందుకే. తప్పు హోటలుది కాదు, చంద్రుడిది. పంచాంగం చూసి ప్రయాణం పెట్టుకునే మన అలవాటు ఇక్కడ అక్షరాలా పనికివస్తుంది. ఆ పాటు వేళల్లో పగడాల మీద నడవడం మాత్రం చేయరాదు. అవి రాళ్లు కావు, ప్రాణులు.

మూడవ సూత్రం మన ఒంటికి సంబంధించినది. దీన్ని శ్రద్ధగా వినండి, ప్రాణంతో పని. నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకూ ఒత్తిడి మరొక వాతావరణపు బరువంత పెరుగుతుంది. పది మీటర్ల దగ్గర అది పైనున్నదానికి రెట్టింపు. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని మన రక్తంలోనూ కండలోనూ కరిగిపోతుంది. నెమ్మదిగా పైకి వస్తే అది నెమ్మదిగానే బయటికి పోతుంది. త్వరపడితే ఏమవుతుంది? గోళీసోడా కొట్టడం చూశారు కదా. గోళీ కిందికి దిగగానే సీసా నిండా బుడగలు లేస్తాయి. ఒంట్లోనూ అదే జరుగుతుంది. కీళ్లనొప్పులు, తిమ్మిర్లు, ఒక్కోసారి పక్షవాతం. విమానం ఎక్కినా అదే ప్రమాదం, ఎందుకంటే పైన గాలి ఒత్తిడి తక్కువ. అందుకే ఒక్కసారి మునిగినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు మునిగినవారు కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలని నిపుణుల నియమం. అంటే ప్రయాణంలో ఆఖరి రాత్రి బస డైవింగ్ లేని బస కావాలి. ఆఖరి పూట కూడా మునిగి, మధ్యాహ్నం విమానం ఎక్కుదామని లెక్కవేసుకునేవారు డబ్బు మిగుల్చుకోవడం లేదు, ప్రాణాన్ని పందెం కాస్తున్నారు.

అలాగే వెళ్లే ముందే డాక్టరు దగ్గర చూపించుకోవాలి. ఉబ్బసం, గుండెజబ్బు, చెవిపోటు ఉన్నవారు దాచిపెట్టి మునగరాదు. జలుబు చేసినా ఆ రోజుకు మానుకోవాలి. మొదటిసారి రుచి చూసేవారిని శిక్షకుడు పట్టుకుని 12 మీటర్లకు మించకుండా దింపుతాడు. పూర్తి శిక్షణకు మూడు నాలుగు రోజులు పడుతుంది, ఆ తర్వాత 18 మీటర్ల దాకా వెళ్లే అర్హత వస్తుంది. మొదటివారికి ఒడ్డునుంచే దిగగల నీమో రీఫ్ వంటి చోటు చాలు. జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ వంటి లోతైన చోట్లు అనుభవం ఉన్నవారివి, వాటికి పడవలో దూరం పోవాలి. బస తీసుకునే ముందు శిక్షణ కేంద్రాన్ని అడగవలసిన మాటలు ఇవి: ఒక్క శిక్షకుడి చేతికింద ఎందరిని దింపుతారు? పడవలో ఆక్సిజన్ ఉంటుందా? ఒంట్లో బుడగలు చేరినవారికి చికిత్స చేసే ఒత్తిడి గది ఎక్కడుంది, అక్కడికి చేర్చడానికి ఎంతసేపు? ఈ మూడింటికీ తడబడకుండా జవాబు చెప్పేవారి పక్కన గది తీసుకోండి. పరుపు మెత్తదనం తర్వాత చూసుకోవచ్చు.

స్థానికుల మాట వినడం కూడా బసలో భాగమే. ఆ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010 ఏప్రిల్‌లో రాధానగర్ సమీపంలో నీటిలో ఉన్న ఒక విదేశీ యాత్రికురాలు మొసలి నోట పడి మరణించింది. అప్పటినుంచి కొన్ని చోట్ల హెచ్చరిక బోర్డులు, వలలు పెట్టారు. బోర్డు ఉన్న చోట నీటిలోకి దిగకండి. మడ అడవుల వాగు పక్కనే గది ఉంటే, ఎప్పుడు ఎటు దిగవచ్చో ఇంటివారిని అడగండి. వారు డెబ్బై ఏళ్లుగా ఆ వాగుతో కాపురం చేస్తున్నారు.

కొన్ని చోట్ల బస లేకపోవడమే మేలు. పోర్ట్ బ్లేర్‌కు పడమట వండూర్ దగ్గర 1983లో మహాత్మాగాంధీ పేర సముద్ర జాతీయ వనం ఏర్పరిచారు. అందులోని జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులకు పగలు పడవలో వెళ్లి చూసి రావలసిందే, రాత్రి ఉండనివ్వరు. ఏడాదిలో కొన్నాళ్లు ఒకదాన్ని, కొన్నాళ్లు మరొకదాన్ని తెరుస్తారు. ప్లాస్టిక్ సంచి తీసుకుపోనివ్వరు. పొలాన్ని బీడు పెట్టి మళ్లీ సాగుచేయడం మనకు తెలియని పద్ధతి కాదు. సముద్రానికీ ఆ విరామం కావాలి.

ఎందుకు కావాలో కూడా చెప్పుకోవాలి. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఉత్తర అండమాన్ నేల పైకి లేచింది. దానితో అక్కడి పగడపు దిబ్బలు నీటిపైకి వచ్చి ఎండిపోయాయి. దక్షిణాన నేల కుంగి, సిప్పిఘాట్ దగ్గర పొలాల్లోకి సముద్రం వచ్చింది. అది ప్రకృతి చేసిన పని. 1998, 2010, 2016 వేసవుల్లో సముద్రం మామూలుకంటే వేడెక్కి, పగడాలు తమలోని రంగునిచ్చే సూక్ష్మజీవులను వదిలేసి తెల్లబోయాయి. 2010లో అండమాన్‌లో ఆ దెబ్బ చాలా గట్టిగా తగిలింది. కొన్ని కోలుకున్నాయి, కొన్ని పోయాయి. కోలుకుంటున్న రోగి మంచం పక్కన ఎలా మసలుకుంటామో ఆ దిబ్బల దగ్గర అలా మసలుకోవాలి. చేయి తగిలించరాదు, ముక్క విరవరాదు, గవ్వ తెచ్చుకోరాదు. ఏ బసవారు రాత్రి దీపాలు తగ్గించి, చెత్త లెక్కగా పంపి, మురుగును శుద్ధి చేస్తారో వారికి మన డబ్బు చేరితే పగడానికి మేలు చేసినట్టే.

మరి ప్రయాణాన్ని ఎలా పేర్చుకోవాలి? చెన్నై నుంచి విమానంలో కొద్ది గంటల దూరం. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా రేవుల నుంచి ఓడలున్నాయి గాని రెండు మూడు రోజులు పడుతుంది, విశాఖ నుంచి తరచుగా ఉండవు. మొదటి రాత్రి పోర్ట్ బ్లేర్‌లో. మరునాడు పడవలో దాదాపు రెండు గంటల ప్రయాణం, స్వరాజ్ ద్వీప్. అక్కడ తూర్పు ఒడ్డున, ఊరి మధ్య, శిక్షణ కేంద్రానికి దగ్గరగా నాలుగు రాత్రులు. సందడి వద్దనుకునేవారు షహీద్ ద్వీప్‌లో ఉండవచ్చు. అది చిన్న దీవి, కూరగాయలకు పేరు, సైకిలు మీద చుట్టి రావచ్చు. డైవింగ్ కేంద్రాలు మాత్రం తక్కువ. సముద్రం బాగులేక పడవ ఆగిపోతే చిక్కుపడకుండా ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోండి. ఇక ఆఖరి రాత్రి మళ్లీ పోర్ట్ బ్లేర్‌లో.

అంతదూరం పోలేనివారికి, ముఖ్యంగా కర్ణాటక శ్రోతలకు, మురుడేశ్వర్ ఎదుట సముద్రంలో నేత్రాణి దీవి ఉంది. అక్కడ దీవి మీద బస ఉండదు. ఒడ్డున మురుడేశ్వర్‌లో ఉండి పొద్దున్నే పడవలో వెళ్లి రావాలి. మహారాష్ట్ర వారికి సింధుదుర్గ్ జిల్లాలో మాల్వణ్, తార్కర్లీ ఉన్నాయి. చోటు మారినా అడగవలసిన ప్రశ్నలు మారవు: నీరు, గాలి, పడవ, వైద్యం, మనుషులు.

ఇందాక ఆఖరి రాత్రి పోర్ట్ బ్లేర్‌లో అన్నాను. ఆ 18 గంటలు వృథా అనుకోకండి. ఆ సమయంలో సెల్యులర్ జైలుకు వెళ్లండి. 1896లో మొదలుపెట్టి 1906కు కట్టిన జైలు అది. ఏడు బారుల్లో దాదాపు ఏడు వందల ఒంటిగదులు ఉండేవి, ఇప్పుడు మూడు బారులే మిగిలాయి. ఒక గది ముందు నిలబడి లోపలికి చూడండి. ఎత్తున ఒక చిన్న కిటికీ తప్ప ఏమీ లేదు. కూతవేటు దూరంలో సముద్రం ఉన్నా ఆ గదిలో ఉన్న మనిషికి అది కనబడదు. సముద్రం కనబడే గది కావాలని మనం కోరుకునే ఊరిలోనే, సముద్రం కనబడని గదుల్లో మనవాళ్లు యవ్వనాలు గడిపారు.

బస ఎంచుకోగలగడం కూడా ఒక స్వేచ్ఛే. ఖైదీకి అది లేదు. కాందిశీకుడికీ లేదు. మనకుంది. కాబట్టి దానిని బాధ్యతగా వాడుకుందాం. మీ పిల్లలు ఈసారి అండమాన్ వెళ్తామంటే వద్దనకండి. మన పెద్దల ప్రశ్ననే అడగండి: "ఎక్కడ దిగుతావు నాయనా?" వారు గది అద్దె చెప్పి ఊరుకుంటే, బావి సంగతి, గాలి సంగతి, ఆఖరి రాత్రి సంగతి మీరు చెప్పండి.